మా ఊరావిడ

ఆ ఇంట్లో మగ్గిపోయిన అరటిపళ్ళు శ్రీదుర్గ వంతు. అలాగని ఎవరూ నియమం పెట్టలేదు. బజారు నుంచి తెచ్చినవాటిలో గట్టిగా, బంగారు రంగులో ఉన్నవి ముందు దేవుడి దగ్గరికి వెళ్తాయి. తర్వాత భర్త రమేష్‌బాబు టిఫిను తిన్నాక ఒకటి తింటాడు, అత్తగారు వరలక్ష్మమ్మ పడుకోబోయే ముందు ఒకటి తింటుంది. తొక్క మీద మచ్చలు మొదలయ్యాక ఇంక వాటిని ఎవరూ ముట్టరు. "పారేస్తే పాపం, నువ్వు తినీ" అంటుంది అత్తగారు. స్కూలుకి టైమైపోతుంటే సింకు దగ్గర నిలబడి, మెత్తబడిన పండుని గబగబా మింగి నోరు కడుక్కోవడం శ్రీదుర్గకి అలవాటైపోయింది. తనకి గట్టి పండంటే ఇష్టమన్న సంగతి ఆమెకే గుర్తులేదు. తినలేక మిగిలిపోయినవాటిని ఏం చేయాలో తెలియక, ఫోన్లో వీడియోలు చూసి కుక్కర్లో కేకు చేయడం నేర్చుకుంది. కేకైతే అందరూ తింటారు. అది ఏ పళ్ళతో చేసిందో అప్పుడు ఎవరూ అడగరు.

రమేష్‌బాబుకి మన్యంలో ఉన్న చింతపల్లికి బదిలీ అవుతుందని ఆఫీసులో మాట నడుస్తోంది. దాన్ని ఆపగలిగిన మనిషి కొత్తగా వచ్చిన ఆఫీసరు. వయసులో తనకంటే చిన్నవాడైన ఆయన్ని రమేష్‌బాబు ఎలాగో బతిమాలి, ఆదివారం సాయంత్రం భార్యతో సహా టీకి రావడానికి ఒప్పించాడు. ఇక శనివారం నుంచే ఇంట్లో హడావుడి. హడావుడి అంటే అతను చెప్పడం, శ్రీదుర్గ చేయడం. కర్టెన్లు ఉతికింది. స్టూలెక్కి ఫ్యాను రెక్కలు తుడిచింది. పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుకుందామని కూర్చుంటే, "ఒక్కరోజు ఆ స్కూలు గోల పక్కన పెట్టు. నీ జీతం మీద నడుస్తోందా ఏటి ఇల్లు?" అన్నాడు. ఆమె పేపర్ల కట్టని మంచం కిందకి తోసేసి, సోఫా కవర్లు మార్చడానికి లేచింది. అలాంటి మాటలకి ఆమెకి కోపం రావడం మానేసి చాలా కాలమైంది. వాటి బదులు ఒక జాగ్రత్త వచ్చింది. ఎవరైనా ఏదైనా అనేలోపే తనే ఆ పని చేసేయడం, తనే తగ్గిపోవడం.

ఆదివారం భోజనాలవుతుండగా గేటు చప్పుడైంది. చూస్తే శ్రీదుర్గ తల్లి జోగులమ్మ. రోలుగుంట దగ్గర పల్లె నుంచి ఎండలో బస్సెక్కి వచ్చింది. చంకలో పెద్ద గుడ్డసంచి, కాళ్ళకి దుమ్ము.

"సెప్పకుండా వొచ్చీసినానే అమ్మడూ. ఇంకుంచితే పాడైపోతాయని బయల్దేరిపోనాను" అంటూ సంచి హాల్లోనే దించి విప్పింది. తన పెరట్లో కాసిన చక్కెరకేళి గెల. పళ్ళు బస్సులో నలిగి, తొక్కలు నల్లబడి, కొన్ని చిట్లి రసం కారుతున్నాయి. తీపి వాసన ఒక్కసారిగా హాలంతా పట్టేసింది.

వరలక్ష్మమ్మ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. "ఏటండీ వదినగారూ, ఇవి గేదెలకి పెట్టీవి కదా. మనుషులు తింటారేటండీ?"

"తొక్కే నల్లబడిందండి వదినగారూ. లోపల పాకంలాగుంటాది" అంది జోగులమ్మ నవ్వుతూనే.

ఆ పళ్ళు ఎందుకు అలా అయిపోయాయో శ్రీదుర్గకి తెలుసు. గెల కోసిన రోజే తల్లి ఫోన్ చేసింది, ఎప్పుడు రమ్మంటావని. ఈ వారం పేపర్లున్నాయమ్మా అంది తను. మళ్ళీ చేసింది. ఇంటికి ఎవరో వస్తున్నారమ్మా అంది. పేపర్లూ అబద్ధం కాదు, వచ్చేవాళ్ళూ అబద్ధం కాదు. అసలు సంగతి మాత్రం వేరు. కిందటిసారి తల్లి వచ్చి వెళ్ళాక, "మా వియ్యపురాలు కుర్చీలో కూర్చుని తినలేదండి, వొంటింట్లో కిందే కూకుంటాది" అని అత్తగారు పక్కింటావిడతో నవ్వుతూ చెప్పింది. వంటింట్లో పప్పు తాలింపు పెడుతున్న శ్రీదుర్గకి ఆ నవ్వు వినబడింది. అత్తగారి మీద రావలసిన కోపం తల్లి మీదకి మళ్ళింది. కాస్త కుర్చీలో కూర్చుంటే ఏం పోయింది అనుకుంది. ఆ రోజు నుంచి తల్లిని రావద్దనలేక, వచ్చే వారం, వచ్చే వారం అంటూ వచ్చింది. కూతురి కోసం ఎదురుచూస్తూ ఆ పళ్ళు చూరు కింద మగ్గిపోయాయి.

రమేష్‌బాబు ఆమెని పడగ్గదిలోకి పిలిచాడు. "మీ అమ్మకి ఈ రోజే దొరికిందా? వాళ్ళొచ్చినప్పుడు ఆవిణ్ణి లోపలే ఉండమను. మాట మొదలెడితే ఆపదు. ఆ పళ్ళు కూడా బేగి తీసేయ్, ఇల్లంతా ఒకటే వాసన." ఒక్క క్షణం ఆగి, "పోనీ కేకు చేసెయ్. ఇంట్లో చేసిందంటే వాళ్ళకి మర్యాదగా ఉంటాది. ఎక్కడి పళ్ళో మాత్రం చెప్పకు" అన్నాడు.

వంటింట్లో తల్లీకూతుళ్ళిద్దరే మిగిలారు. జోగులమ్మ చేతులు కడుక్కుని, పళ్ళు ఒలిచి పళ్ళెంలో వేసి పిసికింది. తొక్కల లోపల నిజంగానే ఎక్కడా చెడలేదు. శ్రీదుర్గ గోధుమపిండి జల్లించి, తరిగిన బెల్లం, పెరుగు, నూనె, కాస్త వంటసోడా, యాలకుల పొడి కలిపింది. కుక్కర్ అడుగున ఉప్పు పోసి వేడి పెడుతుంటే తల్లి వింతగా చూసింది.

"ఉప్పేటే, కేకు తియ్యగా ఉంటాది కదా?"

"ఉప్పు కేకులో కాదమ్మా. గిన్నెకి వేడి సమంగా తగలడానికి అడుగున పోస్తాను."

"నానైతే ఈ గుజ్జు బియ్యప్పిండిలో కలిపీసి నూనెలో ఏసీదాన్ని. బడి నించొచ్చి బేగు అక్కడ పడీసి పొయ్యికాడ కూకుండీదానివి. నీకోటి ఏగితే ఇంకోటి ఏగీదాకా ఊరుకోవు. ఇంతకీ, మగ్గిన పళ్ళే ఎందుకు మిగిలీవో తెల్సా? నీకు గట్టి పళ్ళే ఇట్టం కదా, ముందవన్నీ నువ్వే తినీసీదానివి. మిగిలిన మెత్తటివి నాను తినీదాన్ని."

శ్రీదుర్గ గరిటె తిప్పడం ఆపింది. ఆ ఇంట్లో మెత్తటి పళ్ళు అమ్మ తినేదన్నమాట. పొయ్యి దగ్గర కూర్చున్న ఆ పిల్లకి అది ఎప్పుడైనా తట్టిందా? ఇక్కడ గట్టి పళ్ళు తినే వాళ్ళకి తట్టనట్టే తనకీ తట్టలేదు. ఆమెకి ఏదో అనాలనిపించింది కానీ, హాల్లోంచి "టీ కప్పులు కడిగావా?" అని భర్త కేక వినబడి కప్పులు తీయడానికి లేచింది. ముప్పావుగంటయ్యాక కేకు దించి చాకు గుచ్చి చూస్తే పిండి అంటలేదు. పైన ఎర్రగా వేగింది. జోగులమ్మ దాన్ని పసిపిల్లని చూసినట్టు చూసింది. శ్రీదుర్గ ముక్క తుంచి పెట్టబోతే, "ముందు వొచ్చీవోళ్ళకి పెట్టు" అంది.

ఆఫీసరు నెమ్మదైన మనిషి. ఆయన భార్య సాయిప్రియ కలుపుగోలుగా, పెద్ద గొంతుతో మాట్లాడుతోంది. కేకు నోట్లో పెట్టుకోగానే కళ్ళు పెద్దవి చేసింది. "ఏ బేకరీ అండీ ఇది?"

"మా శ్రీదుర్గే చేసిందండి" అన్నాడు రమేష్‌బాబు. ఆ "మా" అనే మాట నెలల తర్వాత విన్నట్టనిపించింది శ్రీదుర్గకి.

"అంత రుచి ఎలా వచ్చింది? మా ఇంట్లో చేస్తే చప్పగా వస్తుంది. ఏ పళ్ళు వాడారు?"

"సూపర్ మార్కెట్లో తెప్పించామండి, మంచివి" అన్నాడతను.

అప్పుడే జోగులమ్మ గుమ్మంలోకి వచ్చింది. చేతిలో రెండో పళ్ళెం. లోపల ఉండమని శ్రీదుర్గ చెప్పిన మాట మర్చిపోయిందో, కూతురి వంటని మెచ్చుకుంటుంటే ఉండలేకపోయిందో. ముఖం వెలిగిపోతోంది.

"మా పెరట్లోవేనమ్మా. బాగా మగ్గిపోతేనే..."

"స్టవ్వు మీద పాలున్నాయి, చూడు" అంది శ్రీదుర్గ.

ఆ మాట పదునుగా వచ్చింది. జోగులమ్మ ఆగిపోయింది. స్టవ్వు మీద పాలు లేవని ఆమెకి తెలుసు. సాయిప్రియ ఆమె వైపు, చెమటకి అంటుకుపోయిన నేతచీర వైపు, శ్రీదుర్గ వైపు చూసి, "ఎవరండీ ఈవిడ?" అంది.

  భర్తా అత్తగారూ ఏం చెబుతారోనని చూసే ఓపిక కూడా శ్రీదుర్గకి లేకపోయింది.

"మా ఊరావిడండి. పనిలో సాయానికి వచ్చింది" అంది.

గదిలో ఏమీ జరగలేదు. ఫ్యాను తిరుగుతూనే ఉంది. జోగులమ్మ పళ్ళెం బల్ల మీద పెట్టింది. పెట్టేటప్పుడు చప్పుడవకుండా రెండు చేతులతో పెట్టింది.

"చూశారా, ఇలాంటి మనిషి దొరకడమే కష్టం" అంది సాయిప్రియ మెచ్చుకోలుగా. "ఏమ్మా, మా ఇంట్లో వంటకి మనిషి కావాలి. వస్తావా?"

జోగులమ్మ కొంగు భుజం చుట్టూ లాక్కుంది. కూతురి వైపు చూడలేదు.

"మా అమ్మాయినడిగి సెప్తానమ్మా" అని లోపలికి వెళ్ళిపోయింది.

తర్వాత టీలో పంచదార ఎంతని అడిగింది తనేనా, కొడుకు వాసు హాస్టల్లో ఎలా చదువుతున్నాడో చెప్పింది తనేనా అన్నది శ్రీదుర్గకి గుర్తులేదు.  ఆ మాట అనమని ఎవరూ అనలేదు. భర్త దాచమన్నది పళ్ళ సంగతి. అత్తగారు వెక్కిరించింది కూర్చునే తీరుని. తల్లిని తల్లి కాదనమని ఇంట్లో ఎవరూ అడగలేదు. అడగకుండానే, వాళ్ళకంటే ముందు, వాళ్ళకంటే బాగా, తనే చేసేసింది. ఇన్నేళ్ళూ తనని చిన్నబుచ్చిన మాటలన్నీ వింటూ ఊరుకుంటున్నాననుకుంది. ఊరుకోలేదు, నేర్చుకుంది.

కారు వెళ్ళిపోయాక రమేష్‌బాబు ఊపిరి పీల్చుకున్నాడు. "అమ్మయ్య. భలే మేనేజ్ చేశావు."

"నానూ అదే అనుకున్నాను. తెలివైనదే" అంది వరలక్ష్మమ్మ.

ఆ ఇంట్లో ఇద్దరూ ఒకేసారి ఆమెని మెచ్చుకోవడం ఎప్పుడూ లేదు. శ్రీదుర్గ వాళ్ళ వైపు చూడకుండా లేచింది. వంటింట్లోకి వెళ్తే తల్లి అతిథుల కప్పులు కడుగుతోంది. పనిమనిషి కడిగినట్టే, వంగి, మాట్లాడకుండా.

"వదిలెయ్యమ్మా."

"అయిపోనాయి."

"అమ్మా, నేను..."

"ఏటైందిప్పుడు? ఊరిదాన్నే కదా. సాయానికే కదా వొచ్చినాను." గొంతులో కోపం లేదు. అదే భరించలేకపోయింది శ్రీదుర్గ. "అల్లుడుగారి పనైతే అంతే సాలు. ఆకరి బస్సెల్లిపోతాది, నాను బయల్దేరతాను."

బస్టాండుకి తోడొస్తానంటే వద్దంది. కేకు కట్టి ఇవ్వబోతే పళ్ళెంలో ఏమీ మిగల్లేదు. సంచి మడిచి చంకలో పెట్టుకుని, వరలక్ష్మమ్మకి "ఎల్లొస్తానండి వదినగారూ" అని దండం పెట్టి వెళ్ళిపోయింది. బలిఘట్టం రోడ్డు మలుపు తిరిగేదాకా వెనక్కి చూడలేదు.

మర్నాడు స్కూల్లో శ్రీదుర్గ ఎవరి కళ్ళలోకీ చూడలేకపోయింది. ఇంటర్వెల్‌లో తల్లికి ఫోన్ చేద్దామని తీసి, మళ్ళీ బ్యాగులో పెట్టేసింది. ఏమని మొదలుపెట్టాలి? క్షమించమంటే, తల్లి వెంటనే క్షమించేస్తుంది. అంత సులువుగా దొరికే క్షమ తీసుకోవడానికి కూడా ఆమెకి సిగ్గేసింది. చెప్పవలసింది ముందు తల్లికి కాదు.

సాయంత్రం రమేష్‌బాబు ఫోను మోగింది. అతను లేచి నిలబడి, నవ్వుతూ రెండు మాటలు మాట్లాడి, ఫోను మీద అరచెయ్యి అడ్డం పెట్టి శ్రీదుర్గకిచ్చాడు. "సాయిప్రియ మేడమ్. ఆ మనిషి గురించి. ఊళ్ళో పనులున్నాయి, రాలేనంది అని చెప్పెయ్."

శ్రీదుర్గ ఫోను తీసుకుంది.

"ఏమండీ, మీ ఊరావిడ ఏమంది? వాళ్ళమ్మాయినడిగిందా?" అంటోంది సాయిప్రియ.

"ఆ అమ్మాయిని నేనేనండి" అంది శ్రీదుర్గ. "ఆవిడ మా అమ్మ. నిన్న మీ ముందు చెప్పుకోడానికి సిగ్గుపడ్డాను. ఆ పళ్ళు కూడా మా అమ్మ మోసుకొచ్చినవే, బాగా మగ్గిపోయినవి. మా అమ్మే పిసికిచ్చింది."

 "అలాగా" అంది సాయిప్రియ. ఆ పెద్ద గొంతు చిన్నదైపోయింది. "నేనేమో వంటకి రమ్మన్నాను ఆవిణ్ణి." ఇంకేమీ అనకుండా పెట్టేసింది. ఆమె బాధపడిందో, తమని ఎలాంటి మనుషులనుకుందో శ్రీదుర్గకి తెలియలేదు.

రమేష్‌బాబు ముఖం ఎర్రబడింది. "నిన్ను చెప్పమన్నదేటి, నువ్వు చెప్పిందేటి? నన్నే కదా అబద్ధాలోణ్ణి చేశావు. రేపు ఆయన ముందు తలెత్తుకోగలనా? చింతపల్లి వేస్తే నువ్వొస్తావా అక్కడికి?"

"నన్ను నేను అబద్ధాలదాన్నని చెప్పుకున్నాను" అంది ఆమె. "నిన్నట్నుంచి నేనూ తలెత్తుకోలేకపోతున్నాను."

వరలక్ష్మమ్మ టీవీ గొంతు పెంచింది. శ్రీదుర్గ పెరట్లోకి వెళ్ళి, బట్టలారేసిన తీగ కింద నిలబడి తల్లికి ఫోన్ చేసింది. జరిగింది చెప్పింది. అవతల కోళ్ళని గూట్లోకి తోలుతున్న చప్పుడు ఆగింది.

"ఎందుకు సెప్పీసినావే? అల్లుడుగారికి మాటొస్తాది కదా" అంది జోగులమ్మ. తర్వాత ఆమె ముక్కు చీదుకోవడం వినబడింది. నిన్న ఒక్కసారి కూడా ఏడవని మనిషి. శ్రీదుర్గ ఫోను చెవికి గట్టిగా అదుముకుని నిలబడింది. సిగ్గు తగ్గలేదు. తగ్గుతుందని ఆమె అనుకోలేదు కూడా. ఇప్పుడది మోయవలసిన మనిషి దగ్గరికి వచ్చి చేరింది, అంతే.

"అమ్మా, ఆదివారం నేనే వస్తున్నాను. పొద్దున్నే బస్సుకి. ఆ రోజంతా ఉంటాను."

"ఆదోరమా? మరి ఇంట్లో వొంటెవరు సేత్తారే?"

శ్రీదుర్గ నోరు తెరిచింది. ముందురోజే కూర చేసి ఫ్రిజ్‌లో పెడతాననో, ఇడ్లీపిండి రుబ్బి ఉంచుతాననో చెప్పబోయి ఆగింది.

"తెలీదమ్మా" అంది.

పెళ్ళయ్యాక ఇంట్లో వంట సంగతి ముందే సర్దిపెట్టకుండా ఆమె బయల్దేరడానికి సిద్ధపడడం అదే మొదటిసారి.