ఆవపెట్టిన పనసపొట్టు

పొద్దువాలేసరికి సత్యదుర్గకు మళ్లీ చలి మొదలైంది. దుప్పటి కప్పుకుంటే అత్తగారు చూస్తుంది. కప్పుకోకపోతే పళ్లు టకటకమంటాయి. లేచి పెరట్లోకి వెళ్లింది. ఒళ్లు వేడెక్కుతుందేమోనని కొబ్బరి డొక్కలు ఒకచోట నుంచి ఇంకోచోటికి మార్చింది. మళ్లీ వచ్చి మంచం మీద కూర్చుంది.

అమలాపురంలో అపెండిక్స్ ఆపరేషన్ అయ్యాక కుట్ల చుట్టూ ఎర్రబడితే డాక్టరమ్మ యాంటీబయాటిక్ మాత్రలు రాసింది. జ్వరం గాని వస్తే వెంటనే రమ్మంది. మాత్రలు అయిపోవచ్చాయి. జ్వరం రోజూ వస్తూనే ఉంది. ఆ మాట ఇంట్లో చెప్పొచ్చు. చెబితే అత్తగారు సూర్యావతి మొట్టమొదట ఏం అడుగుతుందో సత్యదుర్గకు తెలుసు.

పథ్యం విషయంలో సూర్యావతి మాటకు ఆ వీధిలో తిరుగులేదు. కోసిన ఒంటికి బీరకాయ, పొట్లకాయ, మిరియాల చారు. వంకాయ తింటే చీము పడుతుంది. ఆవపెట్టిన కూర ముట్టుకుంటే ఇక చెప్పక్కర్లేదు. పక్కింటి కామాక్షి ఇచ్చిన పనసపొట్టు కూర, అత్తగారు చేలోకి వెళ్లినప్పుడు, వంటింటి తలుపు వెనక నిలబడి తినేసింది సత్యదుర్గ. మర్నాటి నుంచే ఈ చలి.

దొరబాబు వీధిలో ఆటో ఆపి లోపలికి వచ్చాడు. పెళ్లాం చేతిలోంచి మంచినీళ్ల గ్లాసు అందుకుంటూ ఆగిపోయాడు.

“ఏంటే, చెయ్యి కాలిపోతుంది?”

“ఎండకండి.”

“పొద్దుగూకేక ఎండేంటే?”

సూర్యావతి వచ్చి కోడలి కొంగు తప్పించి చూసింది. కట్టు తడిసి ఉంది. వాసన వేసింది.

“ఏం తిన్నావే?”

సత్యదుర్గ చెప్పేసింది.

“ఆవపెట్టిన కూరా! కడుపు కోయించుకున్నదానివి, నోరు కట్టుకోలేవా?”

“అమ్మా, ఆ తిట్లేవో ఆటోలో తిడుదువు గాని, ఎక్కు” అన్నాడు దొరబాబు.

ఆవిడ ఎక్కింది. కాలువ గట్టు పొడుగునా తిట్టింది. అంబాజీపేట దాటాక, కోడలు తన భుజం మీద వాలి వణుకుతుంటే, తిట్టడం మానేసింది. అప్పుడు వేసింది సత్యదుర్గకు భయం.

అమలాపురం ఆసుపత్రిలో స్కాన్ చూసి డాక్టరమ్మ అంది: “లోపల చీము గడ్డకట్టింది. అది తీస్తే గాని మందు పనిచెయ్యదు. జ్వరమొస్తే రమ్మన్నాను కదమ్మా?”

“పనసపొట్టు తిన్నానండి. నా తప్పేననుకున్నాను.”

“కూరతో చీము పట్టదు. ఇంకో రెండ్రోజులు దాచుంటే ప్రాణం మీదకి వచ్చేది.”

సూర్యావతి కొంగు ముడి విప్పింది, మళ్లీ వేసింది.

చీము తీసి, మిగిలింది కారిపోవడానికి గొట్టం పెట్టారు. మర్నాడు పొద్దువాలుతుంటే సత్యదుర్గ దుప్పటి అంచు పట్టుకుని కిటికీకేసి చూస్తోంది. ఇది చలేనా, భయమా? తెలియడం లేదు.

“ఎలా ఉందే?” అంది సూర్యావతి.

“కొంచెం చలేస్తున్నట్టుందండి, అత్తయ్యగారూ.”

ఏం తిన్నావని ఆవిడ ఈసారి అడగలేదు. నర్సును పిలవడానికి చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్లింది.