పసుపు పట్టిన గొడ్డలి

సూర్యాపేట చుట్టుపక్కల బాలనర్సమ్మ పేరు చెబితే ముందు ఆమె బగారా అన్నం గుర్తొస్తుంది, ఆ తర్వాత ఆమె నోరు గుర్తొస్తుంది. ఈ కాలంలో అందరికీ కట్టెల పొయ్యి మీద వండిన కూడే కావాలి. ఇంట్లో గ్యాసు మీద చాయ్ మరిగేదాకా ఆగలేనివాళ్లు కూడా పెళ్లి కార్డులో ‘కట్టెల పొయ్యి విందు’ అని అచ్చు వేయించుకుంటున్నారు. ఆ మోజే ఆమెకు నాలుగు మెతుకులు పెడుతోంది కాబట్టి ఆమె దాన్ని ఏమీ అనదు. చిక్కంతా కట్టెల దగ్గరే.

పోయిన మాఘంలో కోదాడలో ఒక పెళ్లికి వండుతుంటే ఆమె తమ్ముడు పరశురాములు చేతిలో కొత్త గొడ్డలి కర్ర కామ పుటుక్కున విరిగింది. పేరుకే పరశురాములు. గొడ్డలి పట్టాడంటే పక్కనున్నవాళ్లు దూరం జరుగుతారు. చీల్చని మొద్దులు పొగ పెట్టాయే గాని మంట ఇవ్వలేదు. ఆంధ్ర వైపు నుంచి వచ్చిన మగపెళ్లివారు “అన్నం పలుకు మీదుందండీ” అని మర్యాదగా అన్నారు. అంతే మర్యాదగా విస్తళ్లు వదిలేసి లేచిపోయారు. ఆ మర్యాద ఆమెకు చెప్పుతో కొట్టినట్టే తగిలింది. ఆ తర్వాత ఒప్పుకున్న మూడు పెళ్లిళ్లు వేరేవాళ్లకు పోయాయి. ఇంకొక్కసారి అలా జరిగిందంటే వంట గంజులు తోమి బోర్లించుకోవాల్సిందే.

అప్పటి నుంచి మంచి గొడ్డలి కోసం తిరగడమే ఆమె పని. మిర్యాలగూడలో హార్డ్‌వేర్ దుకాణాలన్నీ గాలించింది. ఎర్రరంగు వేసి తళతళలాడుతున్న గొడ్డళ్లను గోటితో గీకి చూసి పక్కన పడేసింది. అంచు సన్నగా ఉంటే కొమ్మలు నరకడానికి బాగుంటుంది, కానీ మొద్దు మీద వేస్తే దిగినచోటే ఇరుక్కుంటుంది. మొద్దు చీలాలంటే అంచు వెనక చెంపలు లావుగా ఉండాలి, దిగుతూనే కట్టెను అటూ ఇటూ తోసెయ్యాలి. కామలో చార నిలువుగా పారాలి, అడ్డంగా పారితే అది ఎప్పుడో ఒకప్పుడు విరిగేదే. ఇదంతా ఆమె దుకాణదారుకే పాఠం చెప్పింది. అతను ఆఖరికి, అమ్మా నువ్వు కొననైనా కొను, లేదా వచ్చి ఈ గల్లా మీదన్నా కూర్చో అన్నాడు.

చివరికి అది సూర్యాపేటలోనే, పాత ఇనుప సామాన్ల కొట్టులో, తుప్పు పట్టిన సైకిల్ చక్రాల కింద దొరికింది. తాళంచెవితో కొడితే గంజు మీద గరిటె తగిలినట్టు ఖంగుమంది. పగులుంటే ఆ మోత రాదు. అంచు లారీ కమాను పట్టాతో కమ్మరి కొట్టింది. చెంపలు లావు. కామ చేతులు రాసి రాసి అద్దంలా నునుపు తేలింది. ఆ కామ నిండా పసుపు. పైన పూసింది కాదు, ఏళ్ల తరబడి పూసీ పూసీ కర్రలోకి ఇంకిపోయిన పసుపు. అది చూశాక ఆమె ఇక బేరం కూడా ఆడలేదు. ప్రతి దసరాకూ పనిముట్టుకు పసుపు కుంకుమ పెట్టి మొక్కేవాడి చేతిలో ఉన్న గొడ్డలి ఇది, ఎన్ని దసరాలు చూసిందోనని మురిసిపోయింది. ఎక్కడిదని అడిగితే, ఎవరో వచ్చి పడేసి పోయారు, తనకు తెలియదన్నాడు కొట్టువాడు.

శ్రావణంలో పెన్‌పహాడ్‌లో జగదీశ్ కూతురి పెళ్లి వంట ఒప్పుకుంది. ఆరువందల మంది. జగదీశ్ పొలాలున్నవాడు, మాట ఉన్నవాడు. కోదాడ సంగతి అతని చెవిన కూడా పడిందట. ఒక్క మెతుకు పలుకున్నా ఈ మండలంలో నీకు పొయ్యి ఉండదు అని నవ్వుతూనే చెప్పి పోయాడు.

ముందురోజు సాయంత్రం పందిరి వెనక పరశురాములు తుమ్మ మొద్దులు చీలుస్తున్నాడు. వానలకు తడిసిన మొద్దులు. అయినా ఆ గొడ్డలి పడితే చాలు, వెండి గిన్నె మూత తీసినట్టు విడిపోతున్నాయి. అటుగా వచ్చిన సాలి అనే ముసలామె చాయ్ అడిగి తాగుతూ కూర్చుంది. గొడ్డలి వంక అదే పనిగా చూసింది.

“గీ గొడ్డలిని యాడనో సూసిన బిడ్డా,” అంది.

గొడ్డళ్లన్నీ ఒక్క తీరే ఉంటాయిలే అవ్వా అని బాలనర్సమ్మ ఇంకో గ్లాసు పోసింది. ముసలామె తాగి, కర్ర పొడుచుకుంటూ వెళ్లిపోయింది.

తెల్లవారేసరికి సాలి చచ్చిపోయింది.

పెళ్లి ఊరు ఒక్కసారిగా గొంతు తగ్గించింది. బ్యాండు ఆపేశారు. ముహూర్తం పదకొండున్నరకు. పొయ్యి వెలిగింది ఎట్లాగూ వెలిగింది గాని, పీనుగ లేచేదాకా తాళి కట్టొద్దు, బంతి కూర్చోవద్దు అని పెద్దలు తేల్చారు. నిన్న సాయంత్రం బాలనర్సమ్మ చాయ్ పోసిన మనిషి ఇప్పుడు లేదు. అయినా బగారా దమ్ము మీద ఉంది, మటన్ సగం ఉడికింది. ఏడవడానికి కూడా తీరిక లేదు.

ఎనిమిది గంటలకు ఒక ముసలాయన వచ్చాడు. బక్కపలచని మనిషి, భుజాన తువ్వాలు. పేరు ఉప్పలయ్య, ఊళ్లో కాష్టం పేర్చేది తనేనని చెప్పాడు. తడి మొద్దుల మీద ఊళ్లో గొడ్డళ్లు ఎగిరి పడుతున్నాయట, రంపం మిషన్ ఉన్న మనిషి తుంగతుర్తి పోయాడట. గంట సేపు గొడ్డలి ఇస్తే తెచ్చి ఇస్తానన్నాడు. అంటూ అంటూనే పరశురాములు చేతిలో ఉన్న దాన్ని చూశాడు. దగ్గరికొచ్చి కామ మీద చెయ్యి వేసి, మెల్లగా నిమిరాడు.

“ఇది నా గొడ్డలి,” అన్నాడు.

దొంగతనం అంటగడుతున్నాడనుకుని బాలనర్సమ్మ కస్సుమంది. పాత సామాన్ల కాడ నా సొమ్ము పెట్టి కొనుక్కున్నా పెద్దయ్యా అంది.

“నువ్వు దొంగవని అంటలేను బిడ్డా. వల్లకాడు కాడ రేకుల షెడ్డుల పెడితె, పోయినేడు ఎవడో ఎత్తుకపోయిండు. గీ పసుపు సూడు. ఒక్కో పీనుగ కాలినంక కడిగి పూస్త. మా నాయిన సంది పూస్తనే ఉన్నం.”

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మూడు ఊళ్లనూ నోటితో గెలిచిన మనిషి, గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆమె ఎంచిన దసరాల్లో ఒక్కటీ దసరా కాదు. ఒక్కో పూత ఒక్కో మనిషి. నిన్న సాయంత్రం సాలి గొడ్డలిని అలా ఎందుకు చూసిందో ఇప్పుడు తెలిసింది. ఎప్పుడో ఆమె మొగుడి కాష్టానికి కట్టెలు కొట్టింది కూడా ఇదే అయి ఉంటుంది.

పరశురాములు అరచేతులు మట్టికేసి రుద్దుకుంటున్నాడు. అక్కా, అన్నం పారబోద్దాం, కాష్టం గొడ్డలితోటి కొట్టిన కట్టెల మీద పెళ్లి కూడు వండుతామా అన్నాడు. ఆమె వాడి నోరు మూయించింది. చెబితే ఆరువందల మంది కూడు గుంటలో పోస్తారు, ఆ పెళ్లిపిల్ల బతికినన్నాళ్లూ ఆ మాట వెంటపడుతుంది. చెప్పకపోతే నమ్మి పిలిచినవాళ్లను మోసం చేసినట్టు. ఉన్నమాట చెప్పాలంటే, ఈ రెండింటికన్నా ముందు ఆమెకు గుర్తొచ్చింది బోర్లించిన గంజులే. అందుకు తన మీద తనకే సిగ్గేసింది.

ఎవరికన్నా చెప్తావా పెద్దయ్యా అని మెల్లగా అడిగింది.

“నాకేం పని బిడ్డా? సాలవ్వ వాకిట్ల పండుకోని ఉన్నది. జర జల్ది ఇయ్యి.”

ఆమె తలూపింది. ఉప్పలయ్య గొడ్డలి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

పది దాటాక డప్పులు పందిరి పక్క సందులోంచి పోయాయి. పెళ్లివాళ్లంతా ముఖాలు తిప్పుకుని నిలబడ్డారు. కాసేపటికి చెరువు అవతల పొగ లేచింది. ఇటు ముహూర్తానికి తాళి కట్టడం అయిపోయింది, జనం బంతుల కోసం కుర్చీలు లాక్కుంటున్నారు. పందిరి వెనక రెండో గంజు మటన్ కింద మంట చచ్చిపోతోంది. చీల్చిన కట్టె అయిపోయింది. మిగిలినవన్నీ తడి మొద్దులే.

సరిగ్గా అప్పుడే ఉప్పలయ్య వచ్చాడు. తలారా స్నానం చేసి వచ్చాడు, తడి పంచె కాళ్లకు అతుక్కుంది. గొడ్డలి ముందుకు చాపాడు. కామ మీద కొత్త పసుపు, ఇంకా ఆరలేదు.

“గంటల తెచ్చిస్తనంటిని, ఆలిస్యమయింది. నీ పని సూసుకోని ఇయ్యి,” అన్నాడు.

పరశురాములు నాలుగడుగులు వెనక్కి పోయాడు. బాలనర్సమ్మ మంటను చూసింది, మొద్దులను చూసింది. చీరకొంగు దోపి, గొడ్డలి తానే అందుకుంది. జీవితంలో ఎప్పుడూ కట్టె కొట్టలేదు, కొట్టేవాళ్లను తిట్టడమే తెలుసు. తల మీదికెత్తి వేసింది. మొద్దు ఒక్క దెబ్బకు రెండయింది. ఎంత మంచి గొడ్డలి అనుకుంది, ఆ మాట తన లోపలినుంచే వచ్చినందుకు ఒళ్లు జలదరించింది. అయినా ఆపలేదు. పది మొద్దులు చీల్చి పొయ్యిలో పెట్టేదాకా ఆపలేదు.

వడ్డించేముందు, పోతే ముందు నేనే పోతానని పిడికెడు బగారా నోట్లో వేసుకుంది. మెతుకు మెతుకూ ఉడికింది. పందిరి వెనక కట్టెల పక్కన ఆకు వేసి మొదటి వడ్డన ఉప్పలయ్యకు పెట్టింది. ఆ తర్వాతే గంజులు బంతికి పోయాయి.

మూడో బంతి లేచాక జగదీశ్ వెనక్కి వచ్చాడు. ముఖం వెలిగిపోతోంది. మగపెళ్లివారు మళ్లీ మళ్లీ అడిగి వేయించుకున్నారట. చెమట తుడుచుకుంటున్న బాలనర్సమ్మ అరచెయ్యి అతని కంటపడింది.

“చేతినిండ పసుపే! లక్ష్మీదేవి చెయ్యి నర్సమ్మా నీది. ముత్తైదువవు, రా, మా పిల్ల మీద నీ చేత్తోటి నాలుగు అక్షింతలు ఎయ్యి,” అన్నాడు.

చేతులు కడుక్కొస్తా పటేలా అని నల్లా దగ్గరికి పరుగెత్తింది. సబ్బు పెట్టి రుద్దింది, బూడిద పెట్టి రుద్దింది. పోలేదు. సాలి పసుపు గీతల్లోకి దిగిపోయింది. ఉప్పలయ్య ఆకు మీద తల వంచుకుని తింటున్నాడు. ఒక్కసారి తలెత్తి ఆమె చెయ్యి చూశాడు, మళ్లీ తినడంలో పడ్డాడు.

పందిట్లో పెళ్లిపిల్ల తల వంచింది. ఎవరో బాలనర్సమ్మ అరచేతిలో అక్షింతలు పోశారు. అవీ పసుపే, చెయ్యీ పసుపే. నూరేళ్లు బతుకు బిడ్డా అంటూ పిల్ల తల మీద చల్లింది. ఆమె గొంతు పట్టుకుపోవడం చూసి, పాపం ఎంత మంచి మనసో అన్నారు చుట్టూ ఉన్న ఆడవాళ్లు.