ఆదివారం కాపీ

మా ఇంట్లో బల్ల కింద చెప్పుల పెట్టె అంత కంప్యూటర్ ఒకటి ఉంది. ఇంటిల్లిపాదీ రాసుకోవడానికని ఆరేళ్ల కిందట దాంట్లో ఒక నోట్స్ యాప్ పెట్టాను. యాప్ ఉండేది కంటైనర్ అనే డబ్బాలో. డబ్బా పోతే ఇంకోటి దొరుకుతుంది. మనం రాసుకున్నది మాత్రం మన దగ్గర తప్ప ఇంకెక్కడా ఉండదు. అందుకే ప్రతి ఆదివారం తు.చ. తప్పకుండా కాపీ తీస్తాను. తీస్తాను సరే, రాసేవాళ్లేరీ? ఒక్కొక్కరే జారుకున్నారు. చివరికి మిగిలింది నేనూ, నా పంటి డాక్టరు అపాయింట్‌మెంట్లూ.

అక్కయితే నాతో మాట్లాడి నాలుగేళ్లు. బావకి ఆపరేషన్ జరిగినప్పుడు నేను ఆఫీసులో సర్వర్లు మారుస్తున్నాను. పని అవగానే వస్తానన్నాను. అయ్యేసరికి అయిదు రోజులు పట్టింది. నేను వెళ్లేటప్పటికి బావ లేచి తిరుగుతున్నాడు. అక్క మాత్రం నన్ను గుమ్మంలోంచే పంపేసింది. తప్పు నాదే. ఒప్పుకోవడానికి నోరు రాలేదు, అంతే.

మొన్న గురువారం పొద్దున యాప్‌కి కొత్త వెర్షన్ ఎక్కించమని మీట నొక్కి, ఫోన్ చూసుకున్నాను. రెండు నిమిషాల ముందే యాప్ నుంచి ఒక కబురు వచ్చి ఉంది. అక్క నోట్ రాసింది: "ఒరేయ్, ఎన్నాళ్లని ఇలా..." అంతవరకే కనబడింది. మిగతాది చదువుదామంటే యాప్ తెరుచుకోలేదు. కొత్త వెర్షన్‌కి పాత డేటా మింగుడుపడలేదు.

ఇలాంటప్పుడు ఏం చెయ్యాలో నేనే కాగితం మీద రాసి గోడకి అంటించుకున్నాను: యాప్ ఆపు, ఉన్న డేటా తుడిచెయ్యి, కాపీ నుంచి తిరిగి నింపు. అలాగే చేశాను. పది నిమిషాల్లో యాప్ చక్కగా తెరుచుకుంది. ఉన్నదంతా ఆదివారం నాటిది. అక్క నోట్ లేదు. చెడిపోయిందైనా సరే, తుడిచేముందు ఒక పక్కన దాచుకోవాలన్న జ్ఞానం ఆ కాగితానికి లేదు, నాకూ లేకపోయింది.

మధ్యాహ్నం దాకా వెతికి వెతికి, ఇక లాభం లేక అక్కకి ఫోన్ చేశాను.

"నువ్వు రాసింది చదవకముందే పోయిందక్కా. యాప్ చెడిపోతే, బాగుచేయబోయి నేనే చెరిపేశాను. ఏం రాశావో చెప్పవా?"

"అసలేమీ చూడలేదా?"

"మొదటి ముక్క చూశాను."

"ఎన్నింటికి?"

"ఎనిమిదింటికి."

"ఇప్పుడు మూడయింది. ఆ ముక్క చూడగానే నాకు ఫోన్ చెయ్యాలనిపించలేదట్రా?"

"ముందు యాప్ బాగుచేద్దామని..."

"అదేరా," అంది. గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. "సరేలే, నీ పని చూసుకో."

మళ్లీ ఫోన్ చెయ్యడానికి ధైర్యం చాలక, యాప్‌ని గంటగంటకీ కాపీ తీసేలా మార్చాను. రోజుకి ఇరవైనాలుగు కాపీలు. అన్నీ ఒకేలా ఉంటున్నాయి.