విమానాశ్రయానికి నలభై మూడు మేకలు

దరఖాస్తు ఏడో పేజీలో యంత్రాల జాబితా అడిగారు. రకం, వయసు, సంఖ్య, ప్రస్తుత స్థితి అని నాలుగు గళ్లు. లవోనియా టిగ్నర్ మొదటి గడిలో 'స్పానిష్, కీకో సంకరం' అని రాసింది. రెండో గడిలో 'రెండు నుంచి పదేళ్లు'. మూడో గడిలో '43'. నాలుగో గడిలో 'బాగున్నాయి, ఒకదానికి కొమ్ము విరిగింది'.

రెండు రోజుల తర్వాత విమానాశ్రయం కార్యాలయం నుంచి ఫోనొచ్చింది.

"మేడమ్, ఇవి ఏం యంత్రాలు?"

"మేకలండీ."

అవతల కాగితం తిరగేసిన చప్పుడైంది.

"కొమ్ము అంటే ఏదో హ్యాండిలేమో అనుకున్నాను."

"కాదండీ, కొమ్మే. దాని పేరు డెల్ఫీన్."

ఫోన్ చేసినామె పేరు మార్షెల్ విట్లో. విమానాశ్రయం పనుల్లో కొంత వాటా మహిళల చిన్న సంస్థలకు, నల్లజాతివారి చిన్న సంస్థలకు వెళ్లాలి. ఆ సంస్థలు నిజంగా వాళ్లవేనా అని చూసి ధ్రువపత్రం ఇవ్వడం విట్లో ఉద్యోగం. బోర్డు మీద భార్య పేరు, లోపల భర్త పెత్తనం ఉన్న సంస్థలను పదకొండేళ్లలో ఆమె చాలా చూసింది.

తూర్పు రన్‌వే వెనక పదకొండు ఎకరాల వాలు నేల ఉంది. దాన్నంతా కుడ్జు తీగ కప్పేసింది. జార్జియాలో ఆ తీగ స్తంభాలు, చెట్లు, పాత ఇళ్లు దేన్నీ వదలదు. ఆ వాలు మీద కోత యంత్రం పెడితే దొర్లిపోతుంది. కింద వాగు ఉంది కాబట్టి మందు కొట్టకూడదు. తోటపని కాంట్రాక్టు దక్కిన పెద్ద కంపెనీ లవోనియాకు ఒకటే చెప్పింది. శుక్రవారం సాయంత్రం ఐదింటిలోగా ధ్రువపత్రం తెస్తే వాలు ఆమెది. తేకపోతే ఇంకొకరిని చూసుకుంటారు.

లవోనియా ఇరవై ఆరేళ్లు బడి వంటగదిలో పనిచేసింది. మానేసిన వారమే నాలుగు మేకలు కొంది. ఇప్పటిదాకా చర్చి శ్మశానం, రైలు కట్ట, రెండు సోలార్ పొలాల్లో పెరిగిన పిచ్చిమొక్కలను డబ్బులకు మేకలతో మేపించింది. ఈ వాలు వస్తే రెండు వేసవుల పని. రాకపోతే పద్దెనిమిది మేకలను అమ్మాలి. ఏ పద్దెనిమిదో మార్చిలోనే అనుకుంది. అప్పటినుంచి వాటి మొహం చూడటం మానేసింది.

అడ్డు ఒక్కటే. దాని పేరు హోరెస్.

హోరెస్ టిగ్నర్ ఆమె భర్త. ముప్ఫై ఒక్క ఏళ్లు నగరంలో బస్సు నడిపి రెండేళ్ల కిందట రిటైరయ్యాడు. బస్సులో రోజుకు ఆరువందల మందితో మాట్లాడినవాడికి ఇంట్లో ఒక్క మనిషి మిగిలింది. అందుకని మంగలి షాపుకు వెళ్లి "నా మేకలు" అనడం మొదలుపెట్టాడు. ఊరి వారపత్రిక ఫొటో వేసింది. టోపీ పెట్టుకుని హోరెస్, వెనక మంద, కింద 'నా మాట జవదాటవు: టిగ్నర్'. ఆ ఊపులో ఐదువందల కార్డులు అచ్చువేయించాడు. పేరు కింద 'యజమాని' అని ఉంది.

పత్రికా కార్డూ రెండూ విట్లోకు చేరాయి.

"మంగళవారం పదింటికి వస్తాను," అంది ఫోన్లో. "మీ భర్తగారిని కూడా ఉండమనండి."

ఆదివారం చర్చి అయ్యాక లవోనియా అక్క ఎర్నస్టీన్ ఇంట్లో కూర్చున్నారు.

"మరిదిని చెరువుకి తోలెయ్," అంది ఎర్నస్టీన్. "చేపలతో ఏం చెప్పుకున్నా పరవాలేదు."

"ఉండమంది అక్కా ఆవిడ."

"అయితే రేపు పళ్లు పీకించు. వారం దాకా నోరు తెరవడు."

"వదినా, నేనిక్కడే ఉన్నాను," అన్నాడు హోరెస్.

"అదేగా మా బాధ."

"ఇంత గొడవెందుకే? నా పేరున పెట్టెయ్. నేనూ నల్లవాణ్ణేగా."

"నల్లవాడివే. మేకలవాడివి కాదు," అంది లవోనియా. "మేక పొట్టలో ఎన్ని అరలుంటాయి?"

హోరెస్ ఆలోచించాడు. "రెండా?"

"నాలుగు!" అంది ఎర్నస్టీన్. జీవితంలో ఆమె మేకను ముట్టుకోలేదు.

మంగళవారం ఎవరేమడిగినా నోరు విప్పనని హోరెస్ ప్రమాణం చేశాడు. ఆ ప్రమాణానికి పదిహేను నిమిషాలు పట్టింది.

విట్లో పదింటికి ఐదు నిమిషాల ముందే వచ్చింది. తెల్ల ఆఫీసు కారు, కొత్త రబ్బరు బూట్లు. ఒక బూటుకు ధర చీటీ ఇంకా వేలాడుతోంది. లవోనియా ఆమెను పొలమంతా తిప్పింది. ఎకరం కుడ్జుకు ఎన్ని రోజులు? నలభై మూడింటికి నాలుగు రోజులు, వానొస్తే ఐదు. తినకూడని ఆకులేవి? అజేలియా, వాడిన చెర్రీ ఆకు. ఇంకా పదిహేడు చెప్పింది. మేకలు కొనేది ఎవరు? నేను. మందులు వేసేది? నేను. చెక్కుల మీద సంతకం? నాదే. హోరెస్ వరండా కుర్చీలో చేతులు మోకాళ్ల మధ్య పెట్టుకుని కూర్చున్నాడు. ఇరవై రెండు నిమిషాలు మాట్లాడలేదు. పెళ్లయ్యాక అదే ఎక్కువ.

విట్లో పొలంలోంచి బయటికొచ్చి గేటు మూసింది. గొళ్లెం మాత్రం పెట్టలేదు. వరండా దగ్గరికొచ్చి ఫైల్లోంచి కార్డు తీసింది.

"టిగ్నర్ గారూ, ఇది మీదేనా?"

హోరెస్ లవోనియాను చూశాడు. లవోనియా కంచెను చూసింది.

"నాదేనండి."

"యజమాని అని ఉంది."

"పేరు కింద ఏదో ఒకటి లేకపోతే బోసిగా ఉంటుందన్నాడండి అచ్చువేసేవాడు."

"మేకలు మీ మాట జవదాటవని పత్రికలో చెప్పారు."

"అదైతే నిజమేనండి."

"హోరెస్," అంది లవోనియా.

"నిజమే కదే! ప్రభుత్వం మనిషి ముందు అబద్ధమాడమంటావా?"

"చూపించండి," అంది విట్లో.

హోరెస్ లేచాడు. టోపీ సర్దుకున్నాడు. రెండు వేళ్లు నోట్లో పెట్టి ఈల వేశాడు.

మేకలు మూడువందల గజాల అవతల ఉన్నాయి. అన్నీ ఒకేసారి తలలెత్తాయి. తర్వాత పరిగెత్తాయి. గొళ్లెం లేని గేటును తోసుకుని వాకిట్లోకి వచ్చాయి. లవోనియా పిలిస్తే అవి నడిచి వచ్చేవి. ఇలా పరిగెత్తడం ఆమె ఎప్పుడూ చూడలేదు. పక్కన విట్లో పెన్ను కాగితం మీద కదులుతోంది. ఆ చప్పుడు వింటూ లవోనియా పద్దెనిమిది మేకల పేర్లు మనసులో అనుకుంది.

అంతలో మంద హోరెస్‌ను చేరింది. ముందుగా వచ్చిన మేక అతని గుండెల మీద కాళ్లు పెట్టి చొక్కా జేబులో మూతి దూర్చింది.

జేబులో అల్లం బిస్కెట్లున్నాయి. లవోనియా పొద్దున స్నానానికి వెళ్లినప్పుడల్లా అతను కంచె దగ్గర అవే పంచుతున్నాడు. ఏడాదిగా రోజూ. ఆ రోజు జేబులో పదకొండున్నాయి. పావు నిమిషంలో అయిపోయాయి. మేకలు మాత్రం వెళ్లలేదు.

"జరగండి!" అన్నాడు హోరెస్. "జరగండమ్మా, వెనక బోలెడు ఖాళీ ఉంది! తలుపు దగ్గర నిలబడకూడదు! ఒక్కొక్కరు, ఒక్కొక్కరు!"

ఒక్కరూ జరగలేదు. ఒకటి టోపీ తీసుకుంది. మూడు మేకలు ఆఫీసు కారెక్కాయి. రెండు బానెట్ మీద, ఒకటి పైకప్పు మీద.

"ఆపండి వాటిని!" అంది విట్లో.

"ఆపుతున్నానండి!" గొంతు వినిపించింది, మనిషి కనిపించలేదు. "లవోనియా! లవోనియా, వీళ్లకి చెప్పవే!"

లవోనియా ఒక అడుగు వేసింది. అక్కడే ఆగింది.

"విట్లో గారూ, టైమెంతయింది?"

"పదీ పందొమ్మిది. ఎందుకు?"

"రాసుకోండి. వాటిని పంపడానికి ఆయనకెంత పడుతుందో చూద్దాం."

విట్లో ఆమె వైపు చూసింది. పదీ పందొమ్మిది అని రాసుకుంది. వరండా మెట్టు మీద ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. హోరెస్ బతిమాలాడు, బెదిరించాడు, బస్సు గ్యారేజీకి పోతోందని ప్రకటించాడు. ముందు లవోనియా నవ్వింది. విట్లో ఫైలు మొహానికి అడ్డం పెట్టుకుంది. ఫైలు ఊగుతోంది.

పదీ ఇరవై నాలుగుకి విట్లో కళ్లు తుడుచుకుంది.

"చాలు. ఇక మీరు పంపండి."

లవోనియా గుంపు వైపు వెళ్లలేదు. నీళ్ల తొట్టి దగ్గరికి వెళ్లింది. అక్కడ డెల్ఫీన్ నెమరేస్తోంది. అది అన్నిటికంటే ఆఖరున, నడుచుకుంటూ వచ్చింది. లవోనియా దాని గడ్డం కింద చేయిపెట్టి పొలం వైపు నడిచింది. డెల్ఫీన్ కదిలింది. రెండు మేకలు తల తిప్పాయి, తర్వాత ఐదు. పైకప్పు మీది మేక దూకింది. పదీ ముప్ఫైకి నలభై మూడూ గేటు లోపలున్నాయి. లవోనియా నోరు తెరవలేదు. ఈసారి గొళ్లెం విట్లోనే పెట్టింది.

"మీ దగ్గర కూడా బిస్కెట్లున్నాయా?"

"లేవండీ. మందకి ఇది పెద్ద. ఇది కదిలితే అన్నీ కదులుతాయి. దీన్ని కదపడం నేర్చుకోడానికి నాకు రెండేళ్లు పట్టింది."

హోరెస్ వచ్చాడు. చొక్కాకు రెండు గుండీలు మిగిలాయి.

"చెప్పానా లేదా, నా మాట వింటాయని?"

"వచ్చాయి, ఒప్పుకుంటాను," అంది విట్లో. "బస్సులో జనం దిగమంటే దిగేవారా?"

"ఆఖరి స్టాపులో దిగేవారండి."

విట్లో మళ్లీ మెట్టు మీద కూర్చుంది. నవ్వు ఆగి లేవడానికి కొంత సమయం పట్టింది.

ఆమె నివేదిక గురువారం వచ్చింది. అందులో ఇలా ఉంది: 'దరఖాస్తుదారు భర్త మేకలను పిలవగలరు. పంపలేరు. పంపగలిగింది దరఖాస్తుదారు ఒక్కరే. సంస్థ ఆమె అదుపులోనే ఉంది. కారుకు ఐదు గిట్టల సొట్టలు పడ్డాయి. ఫిర్యాదు లేదు.' ఒక షరతు పెట్టింది. కార్డులు ఉండకూడదు. ఇంకా నాలుగువందల అరవై ఒకటి మిగిలాయి. ఎర్నస్టీన్ వాటిని తన బార్బెక్యూ పొయ్యిలో వేసింది. "నాలుగు దాచుకుంటాను వదినా," అన్నాడు హోరెస్. ఆమె అతని జేబులు తడిమి ఆ నాలుగూ తీసింది. ధ్రువపత్రం శుక్రవారం మూడూ ఇరవైకి చేరింది.

మే నెల రెండో సోమవారం ట్రైలర్ తూర్పు గేటు ముందు ఆగింది. కాపలా ఉన్నవాడు ట్రైలర్ లోపలికి తొంగి చూసి హోరెస్‌ను అడిగాడు.

"ఎవరివి సార్ ఇవన్నీ?"

హోరెస్ నోరు తెరిచాడు. మూశాడు.

"ఆవిడవి," అన్నాడు. తర్వాత ఆపుకోలేక, "నేనంటే మాత్రం వాటికి ప్రాణం," అన్నాడు.

కాపలావాడు లవోనియాకు ఫొటో ఉన్న గుర్తింపు కార్డిచ్చాడు. మేకలకేమీ అక్కర్లేదన్నాడు. హోరెస్ మెడలో ఎర్ర చీటీ వేశాడు.

"లోపల ఆవిడ కళ్లెదుటే ఉండాలి సార్. పక్కకెళ్లారంటే మిమ్మల్ని బయటికి పంపేస్తారు."

"ముప్ఫై నాలుగేళ్లుగా అక్కడే ఉన్నాను బాబూ," అన్నాడు హోరెస్.

"మాటలు చాలు, తలుపు తియ్," అంది లవోనియా.

అతను తీశాడు. మేకలు వాలెక్కి కుడ్జులోకి దిగాయి. తలల మీదుగా ఒక విమానం లేచింది. ఒక్క మేక కూడా పైకి చూడలేదు. హోరెస్ మాత్రం విమానానికి చెయ్యూపాడు. ఊపుతూ లవోనియా చూస్తోందో లేదో చూసుకున్నాడు. చూస్తోంది.