అరటిపండు మేడం

ఆదివారాన్ని సెలవు చేసినవాడికి తప్పకుండా పెళ్ళాం పిల్లలు ఉండి ఉంటారు. నాలాంటి ఒంటికాయ శొంఠికొమ్ము అయితే వారానికి ఆరు రోజులు చాలనేవాడు.

నా పేరు ఉదయలక్ష్మి. ఎల్‌బీ నగర్‌లో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కామర్స్ చెబుతాను. వయసు నలభై మూడు. పెళ్ళెందుకు కాలేదని మీరూ మొదలుపెట్టకండి. బాపట్ల నుంచి వచ్చిన కొత్తలో దిల్‌సుఖ్‌నగర్‌లో అద్దె ఇల్లు వెతుకుతుంటే ప్రతి గుమ్మం దగ్గరా అదే గొడవ. "ఒక్కరేనా? మావారు ఊళ్ళో లేరు, రాగానే చెబుతాం" అనేవారు. ఆ వారెవరూ ఇప్పటికీ ఊరినుంచి తిరిగొచ్చినట్టు లేరు. చివరికి మెట్రో స్టేషన్ వెనక సందులో ఒక లేడీస్ హాస్టల్లో చేరాను. రెండు నెలల కోసమని చేరితే రెండో ఏడు నడుస్తోంది.

హాస్టల్ నిండా చదువుకునే పిల్లలే. కోచింగుల వాళ్ళు సగం, మా కాలేజీ వాళ్ళు కొందరు. నేను ప్లేటు పట్టుకుని కూర్చోగానే ఆ బల్ల దగ్గర మాటలు ఆగిపోతాయి. క్లాసులో ఎంత అరిచినా అంత నిశ్శబ్దం రాదు. కాలేజీ స్టాఫ్ కథ ఇంకోటి. పోయిన డిసెంబరులో పిక్నిక్ పెట్టి, ఫ్యామిలీతో రమ్మన్నారు. ఒక్కదాన్నే వెళ్ళాను. వాళ్ళంతా జంటలుగా, పిల్లలతో ఆడుకుంటుంటే సాయంత్రం దాకా అందరి చెప్పులకీ టిఫిన్ డబ్బాలకీ కాపలా కాశాను. "మీరు ఫ్రీయే కదా మేడం" అన్నారు. ఫ్రీయే మరి, ఏమంటాను?

ఈ ఊళ్ళో ఆదివారం గడపడానికి మనుషులు ఏమేం చేస్తారో అన్నీ చేసి చూశాను. సరూర్‌నగర్ చెరువు గట్టున నడిచాను. సినిమాకి ఒక్క టికెట్ అడిగితే కౌంటర్లో అబ్బాయి నా వెనక ఎవరున్నారా అని తొంగి చూశాడు. మెట్రో ఎక్కి మియాపూర్ దాకా వెళ్ళి, అక్కడ ఒక టీ తాగి, మళ్ళీ మెట్రో ఎక్కి వచ్చేశాను. రాత్రి మా చెల్లెలు ఫోన్ చేసి "ఇవాళ ఏం చేశావే?" అంటే, ఊరు చూశానని చెప్పాను. అబద్ధమేం కాదు.

అలాంటి ఒక ఆదివారం సాయంత్రం ఆరేసిన బట్టలు తెచ్చుకుందామని డాబా ఎక్కాను. ఇంకో అంతస్తు వేద్దామని ఓనరు ఎప్పుడో నాలుగు స్తంభాలు నడుమెత్తు లేపి వదిలేశాడు. పైకి పొడుచుకొచ్చిన ఇనుప చువ్వల మీద ఖాళీ నీళ్ళ సీసాలు బోర్లించి ఉంటాయి. ఆ స్తంభాల దగ్గర నలుగురు అమ్మాయిలు ఏదో తర్జనభర్జన పడుతున్నారు. అందులో మా బీకాం సెకండియర్ స్పందన ఒకతె. నన్ను చూసి గబుక్కున చున్నీ సర్దుకుంది.

"మేడం, ఒకలు తక్కువైన్రు. జర ఆడతరా?" అంది.

నాలుగు స్తంభాలాట. నలుగురు తలా ఒక స్తంభం పట్టుకుని నిలబడతారు, మధ్యలో దొంగ ఉంటుంది. వాళ్ళు ఒకరి స్తంభానికి ఒకరు పరుగెత్తి మారేటప్పుడు దొంగ ఖాళీ స్తంభాన్ని అందుకుంటే, చోటు దొరకనిది కొత్త దొంగ. చిన్నప్పుడు మా బడి వరండాలో ఎన్నిసార్లు మోకాళ్ళు దోక్కుపోయాయో ఆడి ఆడి. బట్టల బుట్ట పక్కన పెట్టి, చీర కుచ్చిళ్ళు దోపి, దిగాను.

ఆ సాయంత్రం నేను ఒక్కసారి కూడా దొంగను కాలేదు. "మేడం సూపర్!" అని పిల్లలు చప్పట్లు కొట్టారు. ముసలోడికి దసరా పండగన్నట్టు ఉబ్బిపోయాను. తరవాత ప్రతి ఆదివారం అదే ఆట. చుడీదార్లు కుట్టించుకున్నాను. కాన్వాసు బూట్లు కొన్నాను. మా చెల్లెలు "ఈ ఆదివారం రావే" అంటే, "పనుంది" అన్నాను. ఆ మాట అనడంలో ఎంత సుఖముందో ఆదివారాలు నిండా పనులున్నవాళ్ళకి తెలియదు. స్టాఫ్ రూములో కూడా ఊరుకోలేదు. ఇరవై ఏళ్ళ పిల్లలు నన్ను పట్టుకోలేకపోతున్నారని డప్పు కొట్టుకున్నాను.

వారమంతా ఆ ఒక్క గంట కోసం బతుకుతున్నానంటే నమ్మండి. అది కూడా లేకపోతే నాకు ఈ ఊళ్ళో పాఠమూ ప్లేటూ తప్ప ఇంకేం లేవు.

ఇలా కొన్ని నెలలు గడిచాక ఐదుగురిలో ఒకమ్మాయి గది ఖాళీ చేసి వెళ్ళిపోయింది. ఆమె ఖాళీ చేసిన మంచానికి రజిత వచ్చింది. దేవరకొండ వైపు పిల్ల, కానిస్టేబుల్ ఉద్యోగానికి కోచింగు తీసుకుంటోంది, పొద్దున్నే గ్రౌండుకి పోయి పరుగు ప్రాక్టీసు చేస్తుంది. ఆ ఆదివారం ఆమెకిది మొదటి ఆట కాబట్టి ఆమెనే దొంగను చేశారు.

నేనూ స్పందనా కళ్ళతో సైగ చేసుకుని స్తంభాలు మారాం. స్పందన ఇటు వచ్చేసింది. నేను సగం దారిలో ఉండగానే రజిత నా ముందునుంచి దూసుకుపోయి రెండు చేతులతో స్తంభాన్ని వాటేసుకుంది.

"మేడం దొంగ!" అని అరిచింది.

నేను నవ్వుతూ వెళ్ళి ఆ స్తంభం మీద చెయ్యి వేసి నిలబడ్డాను. ఆమె తప్పుకుంటుందని చూస్తున్నాను. ఇన్నాళ్ళూ అలాగే జరిగింది మరి. రజిత కదల్లేదు. స్పందన పరుగెత్తుకొచ్చి ఆమె మోచెయ్యి పట్టి పక్కకి లాగింది. గొంతు తగ్గించిందిగానీ ఆ పక్కనే ఉన్నాను, వినపడకుండా ఎలా ఉంటుంది?

"ఏయ్, మేడం అరటిపండు. ఆమెకు ఔట్ లేదు."

"గట్లెట్ల? ఔటైన్రు గదా?" అంది రజిత, మామూలు గొంతుతోనే.

ఆటలో అరటిపండు అంటే ఎవరో తెలుగు గడ్డ మీద ఆడుకున్న ప్రతివాళ్ళకీ తెలుసు. ఏడుస్తూ వెంటపడే చంటిపిల్లల్ని ఆటలో చేర్చుకున్నట్టే చేర్చుకుని, లెక్కలోకి తీసుకోరు. వాళ్ళు గెలిచినా గెలుపు కాదు, ఔటైనా ఔటు కాదు. మా చెల్లెల్ని అలా ఎన్నిసార్లు ఆడించానో. దానికప్పుడు నాలుగేళ్ళు.

ముందు కోపం వచ్చింది. తరవాత సిగ్గేసింది. సరిగ్గా నేను చిక్కుతాననగా స్పందన చెప్పు ఊడిపోవడం, ఇంకో పిల్ల చున్నీ తీగకి తట్టుకోవడం, ఒకతెకి అప్పుడే తుమ్ములు రావడం, అన్నీ వరసగా గుర్తొచ్చాయి. ఎంత కష్టపడ్డారో పాపం. అంతకంటే ఏడుపు తెప్పించింది ఏమిటంటే, వాళ్ళు అది మంచితనంతోనే చేశారు. తిట్టడానికి కూడా వీల్లేదు. బట్టల బుట్ట తీసుకుని మెట్లవైపు నడిచాను. ఇక మళ్ళీ ఈ డాబా ఎక్కకూడదనుకున్నాను.

"ఏడికి పోతున్రు మేడం? దొంగ మీరే!" అంది రజిత వెనకనుంచి. "దొంగను ఇడిచిపెడితే రేపు నాకు పోలీస్ నౌకరి ఎవరిస్తరు?"

ఎవరూ నవ్వలేదు. స్పందన ముఖం తెల్లబోయింది. నేను బుట్ట కింద పెట్టాను.

"అవును, నేనే దొంగని. రండి, ఆడదాం," అన్నాను.

మధ్యలోకి వెళ్ళి నిలబడ్డాను. చూస్తే స్పందన తన స్తంభం వదిలి రెండడుగులు పక్కకి జరిగింది. ఇంకో ఇద్దరూ జరిగారు. మూడు స్తంభాలు ఖాళీ. మహారాజులా వెళ్ళి ఏదైనా ముట్టుకోవచ్చు. ఆ ఖాళీ స్తంభాల మధ్య నిలబడితే, పిక్నిక్‌లో చెప్పుల పక్కన కూర్చున్నప్పుడు కూడా అంత ఒంటరిగా అనిపించలేదు.

"ఒసేయ్ స్పందనా! నీ ఇంటర్నల్ మార్కులకీ ఈ స్తంభానికీ సంబంధం లేదే తల్లీ! ఎందుకు వదిలేశావు?"

"గది కాదు మేడం... మీరు పెద్దోళ్ళు. కింద పడితే ఎట్ల?"

"పడితే లేస్తాను. నన్ను ఆడించకండి. నాతో ఆడండి," అన్నాను.

రజిత ఒక్కతే తన స్తంభాన్ని వదల్లేదు. దాన్ని కరుచుకుని, "నేనైతే ఇయ్య. దమ్ముంటే గుంజుకోండి," అంది. స్పందన కూడా మెల్లిగా వెనక్కి వెళ్ళి తన స్తంభం పట్టుకుంది. మిగతా ఇద్దరూ పట్టుకున్నారు.

అప్పుడు మొదలైంది అసలు ఆట. అమ్మో, ఆ పిల్లలేం పరుగులు! నేనిటు ఉరికితే అటు మారుతున్నారు, అటు ఉరికితే ఇటు. రజిత అయితే నా చేతికింద నుంచే దూరి పోయింది. ఒకసారి మోకాలు నేలకి కొట్టుకుంది. ఎవరూ ఆగలేదు, నేనే లేచాను. స్పందన మొదట్లో భయపడుతూ కదిలినా, కాసేపటికి నన్ను చూసి నాలుక బయటపెట్టి వెక్కిరించింది కూడా. ఒక్క స్తంభమంటే ఒక్క స్తంభం నాకు దొరకలేదు.

కిందనుంచి వార్డెన్ అండాలమ్మ "అన్నాలకు రాండ్రి!" అని కేకేసింది. పిల్లలు నవ్వుకుంటూ మెట్లు దిగిపోయారు. నేను స్తంభానికి ఆనుకుని రొప్పుతూ నిలబడ్డాను. అందరికంటే వెనక ఉన్న రజిత మెట్ల దగ్గర ఆగి తిరిగింది.

"మేడం, మా దిక్కు ఆఖర్ల ఎవరు దొంగైతే మల్ల ఆట ఆళ్ళతోనే షురూ. ఒచ్చే ఐతారం దొంగ మీరే. ఎగ్గొట్టొద్దు. మీరు రాకుంటే ఆట కాదు."

రమ్మని పిలిచినవాళ్ళు నాకు చాలామందే ఉన్నారు. నేను రాకపోతే ఆగిపోతుందని చెప్పింది మాత్రం ఈ పిల్లే.

"వస్తానమ్మా," అన్నాను.

ఆమె వెళ్ళిపోయాక అక్కడే కూర్చుని తనివితీరా ఏడ్చి, ట్యాంకు దగ్గర కుళాయి కింద ముఖం కడుక్కుని దిగేసరికి, సాంబారు అయిపోయింది.