పప్పుడికే నీళ్ళు

కాపురానికి వచ్చిన నాటి నుంచీ మాణిక్యమ్మ పగంతా ఒక బావి మీదే. ఇబ్రహీంపట్నం శివారులో వాళ్ళ వాడంతటికీ అదొక్కటే తాగే బావి. ఆ నీళ్ళలో కందిపప్పు పొద్దున పొయ్యి మీద పెడితే మధ్యాహ్నానికి కూడా గులకరాళ్ళలా కుండలో దొర్లుతూనే ఉండేది. కుంకుళ్ళు ఎంత నలిపినా నురగ రాదు. బిందెల అడుగున సున్నం. అత్త మాత్రం నీళ్ళను ఒక్క మాట అనేది కాదు. పప్పు ఉడకబెట్టడం కూడా చేతగాని కోడలు దొరికిందని వాకిట్లో కూర్చుని వచ్చేపోయే వాళ్ళందరికీ చెప్పేది. ఎన్నేళ్ళని పడతారు ఎవరైనా? మాణిక్యమ్మ పడింది.

ఆమె మగడు రాంచంద్రారెడ్డి ఇంటి వెనక చెలకలో బండ పేల్చి, లోతుగా కొత్త బావి తవ్వించాడు. ఆ వైపు ఊళ్ళలో కొత్త బావిలో నీళ్ళు పడితే ముందు కందిపప్పు ఉడికించి చూస్తారు. ఉడికితే అది తాగే బావి, ఉడకకపోతే పశువులకూ పొలానికీ. గట్టు మీద మూడు రాళ్ళు పెట్టి, వాడంతా చూస్తుండగా మాణిక్యమ్మే వండింది. నిప్పు రాజుకుందో లేదో, పప్పు వెన్నలా కరిగిపోయింది. అత్త కాస్త నోట్లో వేసుకుని చూసి, ఇంట్లోకి వెళ్ళిపోయింది. అబ్బ, ఆ రోజు మాణిక్యమ్మ సంబరం చూడాలి!

“ఇంక ఆ దిక్కుమాలిన బాయి మనకెందుకు? పూడ్వుండ్రి,” అంది.

కొత్త బావిలోంచి తీసిన రాళ్ళూ మట్టీ అన్నీ పాత బావిలో పోయించింది. మొదటి గంప తనే కుమ్మరించింది. అప్పటికి కూతురు నీలమ్మ కడుపులో ఉంది. కొత్త బావి నీళ్ళు మాణిక్యమ్మ తాగినన్ని ఇంకెవరూ తాగి ఉండరు. నీలమ్మ చక్కగా, తెల్లగా పుట్టింది. అది చూసి, వాడలో ఏ కోడలికి నెల తప్పినా మాణిక్యమ్మ చేత మొదటి బిందె తోడించుకుపోవడం ఆనవాయితీ అయిపోయింది. పప్పుతో నీళ్ళకు పరీక్ష పెట్టిన చెయ్యి కదా, మంచిదని.

నీలమ్మకు పాలపళ్ళు ఊడి కొత్త పళ్ళు గోధుమరంగు చారలతో వచ్చాయి. బొగ్గుతో తోమి తోమి చిగుళ్ళు చిట్లాయి తప్ప చార పోలేదు. వాడలో మిగతా పిల్లలవీ అలాగే ఉంటే, అదేదో ఊరి వాటం అనుకున్నారు. తర్వాత కాళ్ళు. మోకాళ్ళు ఒకదానికొకటి రాసుకుంటూ, పాదాలు ఎడమై, పిల్ల నడుస్తుంటే తల్లి చూడలేకపోయేది. నూనెలు రాశారు, బద్దలు కట్టారు, కోడిగుడ్లు తినిపించారు. ఎముక వినలేదు.

చివరికి పట్నం దవాఖానకు తీసుకుపోయారు. డాక్టరు పిల్ల కాళ్ళు చూశాడు, పళ్ళు చూశాడు, ఏ నీళ్ళు తాగుతారని అడిగాడు. నల్లగొండ దిక్కున కూడా ఇట్లాంటి పిల్లలను చూశాననీ, నీళ్ళలో కంటికి కనపడని విషముంటుందనీ, అది ఎముకను పట్టేస్తుందనీ చెప్పాడు. మాణిక్యమ్మకు ఒళ్ళు మండింది.

“మా నీళ్ళల్ల పప్పు వెన్నలెక్క ఉడుకుతది, డాక్టర్ సాబ్. ఎవర్నన్న అడుగుండ్రి.”

“పప్పు ఉడుకుతదమ్మా. ఆ విషం పప్పును ఏం జెయ్యది,” అన్నాడాయన.

వంగిన ఎముకకు మందు లేదన్నాడు. నీళ్ళు మారిస్తే ఇంకా వంగకుండా ఆగవచ్చేమోనన్నాడు. వేరే బావి లేదా అని అడిగాడు. మాణిక్యమ్మ తల వంచుకుంది.

“ఉండె,” అన్నాడు రాంచంద్రారెడ్డి.

ఇంటికి వచ్చీ రాగానే పాత బావి తవ్వించడం మొదలుపెట్టాడు. నిలువెత్తు దిగారో లేదో, వానకు నానిన ఒడ్డు విరిగిపడి ఒక మనిషి నడుము దాకా కూరుకుపోయాడు. అతన్ని బతికించి బయటికి లాగేసరికి తలప్రాణం తోకకొచ్చింది. మళ్ళీ అందులో దిగడానికి ఎవరూ రాలేదు. మాణిక్యమ్మ మాత్రం పెద్ద చెరువుకు పోయి, బిందెడు నీళ్ళు మోసుకొచ్చి, వడకట్టి కూతురికి తాగించేది. ఇంటింటికీ తిరిగి ఆ బావి నీళ్ళు తాగొద్దని మొత్తుకుంది. ఎవరు వింటారు? పప్పు ఉడికితే మంచినీళ్ళని చెప్పింది నువ్వే గదా అన్నారు.

ఆ ఎండాకాలం చెరువు ఎండింది. అడుగున తీసిన చెలమల్లో కూడా బురదే మిగిలింది. ఖాళీ బిందెతో మాణిక్యమ్మ తిరిగి వచ్చేసరికి, పొరుగింటి బుచ్చమ్మ నెల తప్పిన కోడలిని వెంటబెట్టుకుని బావి దగ్గర నిలబడి ఉంది. కోడలి చేతిలో పసుపు రాసిన కొత్త బిందె.

“నువ్వు తోడియ్యాలె, అక్కా.”

“వద్దు, బుచ్చీ. నీ కాళ్ళు మొక్కుత. నా బిడ్డను జూడు. ఆ పిల్లకు గీ నీళ్ళు తాపకు.”

బుచ్చమ్మ మొహం మాడిపోయింది. “నీ బిడ్డకు గట్లయిందని, మా ఇంట్ల పుట్టే బిడ్డ సల్లగుండొద్దా?” అంది.

మాణిక్యమ్మకు ఇంతకంటే ఆ చేద తాడుతో గొంతు బిగించినా బాగుండేదనిపించింది. బుచ్చమ్మే తోడి, బిందె నింపి, కోడలిని ముందు నడిపించుకుంటూ వెళ్ళిపోయింది.

వాళ్ళు వెళ్ళాక నీలమ్మ చెంబు పట్టుకుని, మోకాళ్ళు రాసుకుంటూ వచ్చింది. పొద్దుటి నుంచి చుక్క నీళ్ళు లేక పెదవులు ఎండిపోయి ఉన్నాయి. “చెర్ల నీళ్ళు దొరకలేదా, అమ్మా?” అని అడిగింది.

“లేవు, బిడ్డా.”

మాణిక్యమ్మ చేద బావిలోకి వదిలింది. నిండాక పైకి లాగి, కూతురి చెంబులో పోసింది.