ఫొటోలాయన బుగ్గల ఆకలి

ఫొటోలాయన పొద్దున్నే స్టూడియో తలుపు తీసి, గోడకున్న తెల్లగుడ్డ సరిచేసి, వచ్చినవాళ్లను స్టూలు మీద కూర్చోబెట్టి, "గడ్డం కొంచెం ఎత్తండి, నవ్వకండి" అంటూ రోజంతా గడిపేవాడు. ఊళ్లో సగం మంది గుర్తింపు కార్డుల మీద ముఖాలు ఆయన తీసినవే. తన ముఖం చూసుకోవాలంటేనే ఆయనకి చిరాకు. హెచ్ఐవీకి మొదట్లో వాడిన మందులు బుగ్గల్లోని కొవ్వంతా తినేశాయి. జబ్బు అదుపులోకి వచ్చి ఏళ్లయినా, లోతుకుపోయిన ఆ బుగ్గలు చూసి తెలిసినవాళ్లు జబ్బేమిటో ఇట్టే పోల్చుకునేవారు.

ఉండేది అక్కాబావల ఇంట్లో. అక్క మంచిదే, అంటుకుంటుందేమోనన్న భయమే పోలేదు. ఆయనకి వేరే కంచం, వరండాలో వేరే పీట. "మీరు కానివ్వండక్కా, నాకు ఆకలిగా లేదు" అనడం ఆయనకి అలవాటైపోయింది. లోపల అందరితోపాటు బల్ల దగ్గర కూర్చుని తినాలన్నదే ఆయన కోరికల్లా. ముఖం నిండితే అక్క భయం పోతుందేమోనని పెద్దాసుపత్రికి వెళ్లాడు.

"కొవ్వు బుగ్గల్లో లేదుగానీ పొట్టలో బాగానే దాచారే!" అని డాక్టరమ్మ నవ్వింది. "ఇక్కడ కొంచెం తీసి బుగ్గల్లో పెడతాను. కొంత కరిగిపోతుంది, మిగిలింది నిలుస్తుంది."

వాపు తగ్గాక బుగ్గలు నిండుగా నిలిచాయి. అక్క చూసి కళ్లనీళ్లు పెట్టుకుంది. కంచం మాత్రం వరండాలోనే ఉండిపోయింది. ఆయన మనసు చివుక్కుమంది.

పొట్టలోంచి వచ్చిన కొవ్వు కదా, పాత అలవాటు మానలేదు. భోజనాల వేళయ్యేసరికి బుగ్గలు గుడగుడలాడేవి. "నవ్వకండి" అని చెప్తుండగానే ఎడమ బుగ్గ అందుకునేది, కుడిది వంత పాడేది. స్టూలు మీదున్న పెద్దమనిషి ఫక్కున నవ్వి, "ముందు వాటికేదైనా పెట్టండి బాబూ, నేనాగుతాను" అనేవాడు. ఫొటోలాయన బిస్కెట్టు నమిలి మళ్లీ కెమెరా అందుకునేవాడు.

ఓ ఆదివారం మధ్యాహ్నం అక్క వడ్డిస్తూ, "నీకెప్పుడు పెట్టమంటావురా?" అని కేకేసింది.

"మీరు కానివ్వండక్కా, నాకు ఆకలిగా..."

బుగ్గలు మాట పూర్తికానివ్వలేదు. రెండు చేతులతో నొక్కిపట్టుకున్నాడు. ఇంకా గట్టిగా మోగాయి. బావ నోటిదాకా తెచ్చిన ముద్ద కంచంలో పెట్టేశాడు.

అక్క గరిటెతోనే వరండాలోకి వచ్చింది. "ఎప్పట్నుంచిరా ఇది?"

"బుగ్గలకైతే ఈమధ్యే."

"బుగ్గల సంగతి కాదు."

ఆయన తల వంచుకున్నాడు. "మొదట్నుంచీనే అక్కా."

"మరి రోజూ లేదంటావేం?"

"నన్ను లోపలికి పిలవలేక నువ్వు నలిగిపోతుంటావు కదా. నీకా బాధెందుకని."

అక్క గరిటె పక్కన పెట్టింది. "నీకు ఆకలి లేదనుకోవడమే నాకు సుఖంగా ఉండేదిరా" అంది. లోపలికెళ్లి తన కంచమే తెచ్చి, ముద్ద కలిపింది. "నోరు తెరు."

ఆయన వెనక్కి జరిగాడు. "నీ చెయ్యి తగులుతుందక్కా."

"తగలనీ."

అక్క చెయ్యి వెనక్కి పోలేదు. ముద్దతోపాటు అక్క వేళ్లు ఆయన పెదాలకి తగిలాయి. బుగ్గలు టక్కున ఊరుకున్నాయి.

"ఇద్దరూ అక్కడెందుకు, ఇక్కడ చోటుందిగా" అంటూ బావ లోపల తన కుర్చీ పక్కకి జరిపాడు.